సాగు ఒకరిది... పట్టా ఒకరిది

ఒకే దేశం, ఒకే చట్టం. అయినా కొన్ని జిల్లాల్లోనే తుపాకులు ఎందుకు మోగాయి? పక్క జిల్లా నింపాదిగా ఎలా ఉండగలిగింది? రాజనీతి శాస్త్రవేత్త శివాజీ ముఖర్జీని పట్టుకున్న ప్రశ్న ఇదే. 2021లో వెలువడిన తన పుస్తకంలో ఆయన జవాబు కోసం పాత పాలనల దాకా వెళ్లారు. జమీందారీలు, సంస్థానాల కింద ఉన్న ప్రాంతాల్లో భూమి లెక్కలు మధ్యవర్తుల చేతుల్లో చిక్కుకున్నాయి. దొరలు పోయినా ఆ అసమానత పోలేదు. మావోయిస్టు ఉద్యమం వేళ్లూనడానికి అదొక ముఖ్య కారణమన్నది ఆయన వాదన. నిజాం ఏలిన తెలంగాణనూ ఆయన అందులో పరిశీలించారు.

ఈ మాటలో బలమెంతో తెలియాలంటే ఆదిలాబాద్ అడవుల కథ వినాలి.

గోండులు ఒక చెలకను కొన్నేళ్లు దున్ని, సారం తగ్గితే బీడు పెట్టి మరో చోటికి వెళ్లేవారు. కొన్నేళ్లకు మళ్లీ పాత చెలకకే వచ్చేవారు. అది వాళ్ల లెక్క. సర్కారు లెక్క వేరు. అడవికి హద్దులు గీసినప్పుడు బీడు పెట్టిన చెలకలు రిజర్వు ఫారెస్టులో కలిసిపోయాయి. ఇంకోవైపు రోడ్లు, రైలు వచ్చాక మైదానాల నుంచి రైతులు, వ్యాపారులు చేరారు. వాళ్లకు ఉర్దూ దస్తావేజులు తెలుసు, పట్వారీని ఎలా పలకరించాలో తెలుసు. గోండుకు గోండీ తప్ప కచేరీ భాష రాదు. తాతల నాటి నుంచి దున్నిన భూమికి పట్టా మరొకరి పేర పుట్టేది.

అటవీ సిబ్బంది గుడిసెలు తగలబెట్టి ఖాళీ చేయిస్తుంటే కుమ్రం భీం ఎదురు తిరిగాడు. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి గోండులు ఆయనను తలుచుకుంటారు.

అసలు వీళ్లు ఎందుకు తిరగబడ్డారు? ఈ సంగతిని గూడేల్లో ఉండి తెలుసుకున్నవాడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. ఆంగ్లేయుల దృష్టిలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లొద్దన్నారు. ఆయనా, భార్య బెట్టీ కలిసి మార్లవాయి గూడెంలో కాపురం పెట్టారు. గోండీ నేర్చుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ భూమి దున్నుతున్నారో, అది ఎలా చేజారిందో రాసుకున్నారు.

ఆయన తేల్చింది ఒక్కటే. ఇది శాంతిభద్రతల సమస్య కాదు, భూమి సమస్య. నిజాం సర్కారు ఆ మాట విన్నది. 1945లో ఆయనను సలహాదారుగా పెట్టుకుంది. గిరిజనులకు పట్టాలిచ్చారు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వెలిసింది. గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. చదువుకున్నవాడుంటే కాగితం మీద మోసం అంత సులువు కాదు కదా!

కథ అక్కడితో సుఖాంతమైతే బాగుండేది. గిరిజనుల భూములు ఇతరులకు పోకుండా 1959లో వచ్చిన నిబంధనలను 1963లో తెలంగాణకూ వర్తింపజేశారు. 1970లో వాటిని మరింత బిగించారు. అదే అందరూ చెప్పుకునే 1/70 చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. అయినా బినామీ పేర్లు, కోర్టు వాయిదాలు దారి చూపించాయి. 1970లలో మళ్లీ వచ్చిన హైమన్‌డార్ఫ్, తాను చూడగా పట్టాలందుకున్న వాళ్లలో ఎందరో భూమి పోగొట్టుకోవడం చూసి కలత చెందారు. ఆ సంగతులే 1982 నాటి పుస్తకంలో రాశారు.

అంతకు ఏడాది ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి హక్కుల కోసం సభకు వచ్చిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో మృతులు 13 మంది. హక్కుల సంఘాల లెక్క అంతకు చాలా ఎక్కువ. నలభై ఏళ్లు గడిచినా భీం అడిగిందే వీళ్లూ అడిగారు.

2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమి సాగు చేస్తున్న గిరిజనులకు హక్కు ఉందన్నది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం పోడు పట్టాల పంపిణీని ఆసిఫాబాద్ నుంచే మొదలుపెట్టింది. చట్టం ప్రకారం ఎవరి సాగు ఎక్కడుందో మొదట తేల్చాల్సింది గ్రామసభ. అంటే ఒకప్పుడు పట్వారీ కలం రాసిన లెక్కను ఇప్పుడు ఊరే చెప్పాలి. ఊరు నోరు విప్పనిస్తేనే ఆ పట్టాకు విలువ.

బెట్టీ 1987లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి కట్టారు. 1995లో లండన్‌లో పోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలూ తరువాత అక్కడికే చేరాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ గుమిగూడతారు. ఎక్కడో పుట్టిన ఆ దంపతులను వాళ్లు సొంత మనుషుల్లా తలుచుకునేది పుస్తకాలు రాసినందుకు కాదు, తమ మాట విని సర్కారుకు వినిపించినందుకు.