రెంటికీ చెడ్డ రేవడి

నా చిన్నప్పుడు మా వీధిలో ఓ ముసలాయన ఉండేవాడు. అందరూ 'రంగం తాతయ్య' అనేవారు. విశాఖ, శ్రీకాకుళం వైపు వాళ్ళకి చెప్పక్కరలేదు. రంగం అంటే రంగూన్. ఒకప్పుడు కూలి కోసం ఊళ్ళకి ఊళ్ళు పడవెక్కి వెళ్ళిన చోటు. తాతయ్య అక్కణ్ణించి రెండుసార్లు తిరిగొచ్చాడు. 1942లో జపాను బాంబులకి జడిసి అరకాన్ కొండలమీదుగా కాలినడకన. యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళి చిన్న కొట్టు పెట్టుకుంటే, 1964లో జనరల్ నే విన్ ప్రభుత్వం కొట్లన్నీ జాతీయం చేసి కట్టుబట్టలతో సాగనంపింది. "జపానోడు బాంబేస్తే కొట్టు మళ్ళీ పెట్టుకున్నాం బాబూ. జనరల్ కాయితం మీద సంతకం పెడితే మాత్రం పెట్టుకోలేకపోయాం" అనేవాడు.

బర్మా గురించి నేను నిష్పక్షపాతంగా మాట్లాడలేను. ముందే చెప్పేస్తున్నాను.

1988లో అక్కడ జనం వీధుల్లోకొస్తే మన దేశం బాహాటంగా వాళ్ళ పక్షాన నిలబడింది. 1990 ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూకీ పార్టీకి 392 సీట్లొచ్చాయి. సైన్యం గద్దె దిగలేదు. సూకీ మనకి పరాయిది కాదు. తల్లి ఢిల్లీలో బర్మా రాయబారి. ఆవిడ లేడీ శ్రీరామ్ కాలేజీలో చదువుకుంది. 1993 సంవత్సరానికి నెహ్రూ అవార్డు కూడా ఇచ్చాం. అవార్డు ఆవిడకి, కరచాలనం జనరల్స్‌కి! ఈ మలుపు తిరిగింది మన తెలుగు ప్రధాని పి.వి. గారి హయాంలోనే. తర్వాత కాంగ్రెస్ వచ్చినా, బీజేపీ వచ్చినా అదే దారి. మిగతా అన్నింటికీ కొట్టుకునే ఈ రెండు పార్టీలూ ఇక్కడ మాత్రం కవలపిల్లలు.

కారణాలు లేవనను. పదహారు వందల కిలోమీటర్లు దాటిన సరిహద్దు. అటువైపు అడవుల్లో మన ఈశాన్య తిరుగుబాటుదార్ల శిబిరాలు. పక్కన చైనా. మనం మొహం తిప్పుకుంటే వాడొచ్చి కూర్చుంటాడన్నారు. పైగా గ్యాసు.

2007 సెప్టెంబరులో రంగూన్ వీధుల్లో వేలాది బౌద్ధ భిక్షువులు నడుస్తుంటే, మన పెట్రోలియం మంత్రి మురళీ దేవరా అదే దేశంలో గ్యాసు ఒప్పందాలు చేయిస్తున్నారు. ఆ రెండురోజులకే భిక్షువుల మీద లాఠీలూ తూటాలూ. పోనీ, గ్యాసైనా వచ్చిందా? అరకాన్ తీరంలోని ష్వే క్షేత్రాల్లో మన ఓ.ఎన్.జి.సి. విదేశ్‌కీ, గెయిల్‌కీ వాటాలున్నాయి. గ్యాసు మాత్రం 2013 నుంచి పైపుల్లో చైనా వెళుతోంది! పెళ్ళికి పెద్దలం మనం, విందు పక్కింట్లో.

2010లో ఒబామా మన పార్లమెంటులో నిలబడి బర్మా విషయంలో మీరు నోరు మెదపరేమని సుతిమెత్తగా దెప్పారు. ముషారఫ్‌ని చంకనెక్కించుకున్న అమెరికా ఆ మాట అనడం తమాషాయే. అన్నవాడి అర్హత వేరు, అన్న మాట వేరు.

2020 నవంబరులో సూకీ పార్టీ మళ్ళీ గెలిచింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ లాక్కుంది. మార్చి 27న సైనిక దినోత్సవ కవాతు. ఆ ఒక్కరోజే వందమందికి పైగా కాల్చేశారు. కవాతుకి ప్రతినిధుల్ని పంపిన ఎనిమిది దేశాల్లో మనమూ ఉన్నాం. జూన్‌లో ఐక్యరాజ్యసమితి తీర్మానానికి 119 దేశాలు ఓటేస్తే, తటస్థంగా కూర్చున్న 36లో మనమూ ఉన్నాం.

సూకీ దేవతేం కాదు. 2019లో హేగ్ కోర్టుకెళ్ళి, రోహింగ్యాల్ని తరిమిన అదే సైన్యాన్ని వెనకేసుకొచ్చింది. అది చూసి నేను సిగ్గుపడ్డాను. కానీ ఓటేసిన జనం చేసిన తప్పేమిటి? 2023లో ఆ పార్టీనే రద్దు చేసి, ఆవిడ నిర్బంధంలో ఉండగా 2025 డిసెంబరులో మొదలుపెట్టిన తంతుకి ఎన్నికలని పేరు పెట్టారు.

జనరల్స్‌తో ఉంటే పనులవుతాయన్నవారు కలాదాన్ సంగతి చూడండి. కలకత్తా నుంచి సముద్రం మీద సిట్వే రేవుకి, అక్కణ్ణించి నదిలో పలేట్వాకి, ఆపైన రోడ్డు మీద మిజోరంకి. 2008లో ఒప్పందం. 2023లో సిట్వేకి మన ఓడ చేరింది. 2024 జనవరిలో పలేట్వాని అరకాన్ ఆర్మీ తిరుగుబాటుదార్లు పట్టుకున్నారు. ఇక అటు రోడ్డెయ్యాలన్నా, పడవ నడపాలన్నా అడగాల్సింది వాళ్ళని. జనరల్స్ సంతకం పెట్టిన కాయితం మాత్రం ఢిల్లీలో భద్రంగా ఉంది.