పత్తి పోయిన ఏడు నవ్వించిన బొమ్మ

"మీకు నచ్చిన పది చిత్రాల పేర్లు చెప్పండి" అని అడగడమే ఆలస్యం, వేళ్ళు మడుచుకుంటూ గడగడా అప్పజెప్పేసే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ళంటే నాకు కొంచెం అసూయ కూడాను. నన్నడిగితే మాత్రం ముందు ఎదురుప్రశ్న వేస్తాను: ఎప్పుడు నచ్చినవి? జ్వరం వచ్చినవాడికి చారన్నం అమృతం. అదే మనిషిని పెళ్ళికి పిలిచి వట్టి చారే పోస్తే ఊరుకుంటాడా? బొమ్మ సంగతీ అంతే. దాని గొప్పతనం దానిది, మన మూడ్ మనది. రెండూ కలిసిన రోజే అది మన బొమ్మ అవుతుంది.

మా వైపు, అంటే పర్చూరు నల్లరేగడి పొలాల్లో, ఆ మూడ్‌ని నిర్ణయించేది పంట. (2022 ఏప్రిల్ నుంచి పర్చూరు బాపట్ల జిల్లాలో ఉంది గానీ, మా నాన్న నోట ఇంకా ప్రకాశం జిల్లాయే!) పండిన ఏడు ఏడిపించే బొమ్మ, పోయిన ఏడు నవ్వించే బొమ్మ. ఇదీ మా ఇంటి లెక్క. తిరగేసి చెబుతున్నాడేమిటి అనుకుంటున్నారా? కాస్త వినండి.

1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలని తెల్లదోమ పట్టింది. ఆకులో రసం పీల్చేస్తుంది. ఆకంతా జిగురై, ఆ జిగురు మీద మసి పడుతుంది. మందు కొట్టిన కొద్దీ దోమ పెరిగిందే గానీ తగ్గలేదు. ఆ మందులకి దోమ చావలేదు సరిగదా, దాన్ని తినే మంచి పురుగులు చచ్చాయి. మందుల అప్పు, ఎరువుల అప్పు, కౌలు అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఆ ఏడు ఈ రెండు జిల్లాల్లోనూ ఎందరో పత్తి రైతులు చేలో కొట్టాల్సిన మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. మా వీధి చివరాయన అలాగే పోయాడు. నేనప్పటికి పుట్టలేదు, ఇంట్లో విన్న సంగతే చెబుతున్నాను.

మా పెదనాన్నవి ఆరెకరాలు, అందులో నాలుగు కౌలు. ఒక్క బోరెం పత్తి కూడా సరిగా రాలేదు. ఆయన మాటా పలుకూ మానేసి గొడ్లసావిట్లో కూర్చునేవాడట. మా నాయనమ్మకి భయం పట్టుకుంది. "పెద్దోణ్ణి ఒంటరిగా వదలమాకండిరా" అని కొడుకులందరికీ ఆజ్ఞ. పగలంటే ఎవరో ఒకరు కనిపెట్టుకునుంటారు. రాత్రి సంగతో? అందుకని మా నాన్న ఒక ఉపాయం చేశాడు. అన్నం తినగానే పెదనాన్నని సైకిలెక్కించుకుని పర్చూరు సెకండ్ షోకి! హాల్లో మనిషి కళ్ళెదుటే ఉంటాడు, తిరిగి ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. నేల టిక్కెట్టుకి డబ్బులెక్కడివని మాత్రం అడక్కండి. అదీ అప్పే.

అప్పుడాడుతున్న బొమ్మ జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట'. 1987 నవంబరు ఆఖర్న విడుదలైన చిత్రం మా చిన్న ఊళ్ళకి వచ్చేసరికి సంక్రాంతి దాటింది. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు, ఆయన నౌకరు అరగుండుగా బ్రహ్మానందం. ఆ బ్రహ్మానందం ఎక్కడివాడు? మన సత్తెనపల్లి దగ్గరి చాగంటివారిపాలెం! అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకునే లెక్చరర్‌ని రాష్ట్రమంతా గుర్తుపట్టేలా చేసిన వేషం అది.

పంచె దండగని న్యూస్‌పేపరు చుట్టుకునే లక్ష్మీపతి, పైనుంచి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటూ కోడికూర తిన్నంత సంబరపడిపోతాడు. మీరు చూసే ఉంటారు, చూడకపోతే ఈ పేజీ ఇక్కడ మడిచిపెట్టి ముందది చూసి రండి. హాలంతా ఈలలు. ఆ ఈలల మధ్య, రెండు నెలలుగా నోరు విప్పని మా పెదనాన్న, మా నాన్న భుజం మీద ఒక్కటి చరిచి అన్నాడట:

"ఒరే తమ్ముడూ, వీడు మనకంటే నయం రా. వీడికి చూసుకోడానికి కోడన్నా ఉంది!"

వారంలో మూడుసార్లు చూశారు ఆ బొమ్మని, మూడూ సెకండ్ షోలే. బొమ్మ ప్రాణం నిలబెట్టిందని నేను రాయను. అప్పులవాళ్ళు మర్నాడు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నారు, ఆ వేసవిలో సొంత రెండెకరాల్లో ఒకటి అమ్మేశారు. కానీ పెదనాన్న మాట్లాడ్డం మొదలుపెట్టింది మాత్రం ఆ రాత్రే.

ఈ చిత్రాన్ని నేను తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసినప్పుడల్లా ఒకటే ఆశ్చర్యం. అందులో లేనివాణ్ణి చూసి నవ్వమని జంధ్యాల ఎక్కడా అడగలేదు. నవ్వంతా ఉండీ తియ్యనివాడి మీద. ఇనప్పెట్టె తాళం బొడ్లో దోపుకుని, పక్కవాడి కడుపుకి లెక్కలు కట్టే మనిషి ఆ ఏడు మా ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. పొద్దున ఆ మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళు, రాత్రికి హాల్లో అలాంటివాణ్ణే చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. ఇది హాస్యచిత్రం, సందేశం లేదు అని పెదవి విరిచే పెద్దలు ఆ నేల క్లాసులో ఒక్కసారి కూర్చుని ఉండాల్సింది.

ఇక ఏడుపు సంగతి. 1993లో 'మాతృదేవోభవ' వచ్చినప్పుడు నాకు నాలుగేళ్ళు. జబ్బుపడ్డ తల్లి, తను పోయేలోగా పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి ఇచ్చేసే కథ. మా అమ్మ చీర చెంగు తడిసి ముద్దయిందట, ఇల్లు చేరాక కూడా ఏడుస్తూనే ఉందట. ఆ ఏడు మాకు పత్తి బాగా పండింది, ఇంటికి సున్నం కూడా వేయించాం. "మరి ఎందుకే అంత ఏడిచావు?" అని పెద్దయ్యాక అడిగాను. "ఆ ఏడే కదరా తీరిక దొరికింది" అంది. దీనికి ఏ విమర్శకుడూ జవాబు చెప్పలేడు.

నాకూ అదే పోలిక వచ్చింది. 'సాగరసంగమం' (1983) నాకు ప్రాణం. తీసిన కె.విశ్వనాథ్‌గారు మన రేపల్లె వైపు మనిషి, మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణంతో మొదలుపెట్టినవాడు. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని మూడేళ్ళూ నేనా చిత్రం జోలికి పోలేదు. టీవీలో వస్తే లేచి బయటికెళ్ళేవాణ్ణి! వానలో బావి గట్టు మీద తాగి ఆడే కమల్‌ని చూస్తే భయం వేసేది, నన్ను నేను చూసుకున్నట్టుండేది. అందులో ఒక దృశ్యం ఉంది. జయప్రద ఒక పుస్తకం తిరగేయిస్తుంది. పెద్దపెద్ద కళాకారుల బొమ్మలు ఒక్కొక్కటీ చూసి మురిసిపోతూ పోతాడు. పేజీ తిప్పితే తన బొమ్మే, తన పేరే! పట్టరాని ఆనందం ఎలా ఉంటుందో కమల్ ఆ క్షణంలో చూపించినట్టు ఇంకెవరూ చూపించలేదు. అది తీరదని మనకి తర్వాత తెలుస్తుంది. నా పేరు మొదటిసారి ఓ పత్రికలో అచ్చయి, మనియార్డరు బదులు బ్యాంకులో వెయ్యి రూపాయలు పడిన రోజు రాత్రి కూర్చుని మొత్తం చూశాను. హాయిగా, కరువు తీరా ఏడ్చాను.

తొలకరికి నాకు 'మల్లీశ్వరి' కావాలి. 1951 నాటిది, బి.ఎన్.రెడ్డిగారిది. మల్లిగా వేసిన భానుమతిగారు ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టినావిడ. వాన రాత్రి మండపంలో, మారువేషంలో ఉన్న రాయలవారితో నాగరాజు తమాషాకి ఒక మాట జారుతాడు, దానికి బతుకంతా చెల్లించుకుంటాడు. మొదటి వాన పడగానే సంబరంతో అప్పు కాగితం మీద వేలిముద్ర వేసే మా వాళ్ళకి నాగరాజు పరాయివాడేం కాదు.

'మాయాబజార్' సంగతి ఎత్తలేదేమని కోప్పడకండి. దానికి మూడ్ అక్కర్లేదు. ఆకలితో ఉన్నా చూడొచ్చు, తిన్నాకా చూడొచ్చు. పైన చెప్పిన 'అహ నా పెళ్ళంట'కి పేరు పెట్టిందీ అందులోని పాటే.

ఇప్పుడు మా ఇంట్లో పత్తి తగ్గి మిర్చి పెరిగింది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో ధర కూలింది. చివరికి కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. కల్లంలో కాయలు ఎర్రగా మెరుస్తున్నాయి, ఇంట్లో ఎవరికీ మాట రావడం లేదు. నేను వెళ్ళేసరికి పెదనాన్న రాత్రి కాపలాకి కల్లం దగ్గరే మంచం వేసుకుని, మనవడి ఫోన్లో ఆ సంక్రాంతికి వచ్చిన వెంకటేష్ బొమ్మ 'సంక్రాంతికి వస్తున్నాం'లోని తునకలు చూస్తున్నాడు. అందులో నోటికి హద్దులేని బుల్లిరాజు గాడున్నాడే, వాడు కనిపించినప్పుడల్లా మంచం కిరకిరమంటోంది.

"తీసినాయనది చిలుకూరివారిపాలెమేగా? అనిల్ రావిపూడి, మనోడే" అన్నాడు నన్ను చూసి. "ఈ ఏడు కాయ ధర ఇట్టా అవుద్దని ముందే తెలిసి తీసుంటాడు."

అదే ఏడాది జూలై 13న కోట శ్రీనివాసరావుగారు కన్నుమూశారు. వార్త చెప్పినప్పుడు పెదనాన్న అన్నం ముందు కూర్చునున్నాడు. ఏమీ అనలేదు. ముద్ద కలుపుతూ కలుపుతూ ఓసారి పైకప్పు వైపు చూశాడు.

"అక్కడ కోడి లేదు పెదనాన్నా" అన్నాను.

"మనకెప్పుడుంది లేరా" అన్నాడు.