తీర్పులో వదిలేసిన వాక్యం

గాజులరామారం, సూరారం, దుండిగల్ మొదలుకొని శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల ఫాంహౌస్‌ల దాకా, పండగ రోజుల్లో పోలీసు ప్రకటనలు దాదాపు ఒకే అచ్చులో వస్తాయి. పేకాట స్థావరంపై దాడి, ఇంతమంది అదుపులోకి, ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు, ఇన్ని పేకముక్కలు స్వాధీనం. వాటిలో తేలని సంగతి ఒకటుంటుంది. జీడిమెట్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన నలుగురు అద్దెగదిలో తలా రెండొందలు వేసుకుని ఆడుకున్నారా? లేక ఎవరో ఫాంహౌస్ మాట్లాడి, చిప్పులు అమ్మి, భోజనాలు పెట్టి, ప్రతి ఆటలోనూ తన వాటా తీసుకుంటూ తెల్లవార్లూ నడిపించారా? రెండూ పేకాటే. రెండింటికీ అదే చట్టం, మర్నాడు జిల్లా పేజీలో అదే సైజు వార్త.

ఈ తేడాను పక్కనపెట్టి, ‘ఇది నైపుణ్యమా, అదృష్టమా’ అని మనం అరవై ఏళ్లుగా వాదించుకుంటున్నాం. పోకర్ దగ్గరికొచ్చేసరికి ఆ వాదన ఎందుకూ కొరగాదు. పోకర్‌లో నైపుణ్యం ఉంది, అందులో సందేహం లేదు. కొత్తగా కూర్చున్నవాడి జేబుకు చిల్లు పడేదీ దానివల్లే.

ఎక్కువమంది ఆడే టెక్సాస్ హోల్డెమ్‌నే తీసుకుందాం. ఆటగాడికి మూసిన ముక్కలు రెండు. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు: మొదట మూడు పరుస్తారు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. ప్రతి దశలోనూ పందెం పెంచొచ్చు, ఎదుటివాడు పెట్టినంత పెట్టొచ్చు, ముక్కలు పడేయొచ్చు. చేతికి రెండు ఆసులు రావడాన్ని మించిన ఆరంభం లేదు. ఎదుటివాడి చేతిలో రెండు రాజులున్నాయనీ, ఇద్దరూ ఉన్నదంతా ముందుకు తోసేశారనీ అనుకుందాం. ఆసులవాడు గెలిచే అవకాశం దాదాపు 82 శాతం. అంటే, చేయాల్సింది పొల్లుపోకుండా చేసినవాడు కూడా ఇంచుమించు అయిదింట ఒకసారి ఓడిపోతాడు. ఆ ఒక్కసారి డబ్బంతా ఊడ్చుకున్న రాజులవాడు అదంతా తన ఆట గొప్పదనమేనని నమ్ముతాడు. ఆ నమ్మకం మీదే పోకర్ బల్లలు నిండుతున్నాయి. గ్రాండ్‌మాస్టర్‌తో చదరంగానికి కూర్చున్నవాడికి తన స్థాయి ఏమిటో పావుగంటలో తెలిసిపోతుంది. ఇక్కడ ఏడాదికైనా తెలియకపోవచ్చు.

ఏడాది అన్నది మాటవరసకు కాదు. పోకర్‌ను వృత్తిగా ఆడేవాళ్లు తమ రాబడిని నూరు ఆటలకు ఇన్ని ‘బిగ్ బ్లైండ్లు’ అని కొలుచుకుంటారు. ముక్కలు చూడకముందే పెట్టి తీరాల్సిన పందెమే బ్లైండ్. నూరు ఆటలకు అయిదు బ్లైండ్లు మిగుల్చుకునేవాడు గట్టి ఆటగాడి కింద లెక్క. అయితే అదే నూరు ఆటల్లో ఫలితం ఎనభై, తొంభై బ్లైండ్లు అటో ఇటో ఊగడం మామూలే. ఈ లెక్కన పదివేల ఆటలు ఆడాక కూడా ఆ గట్టి ఆటగాడు నష్టాల్లోనే ఉండే అవకాశం పాతిక శాతం దాటుతుంది. మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఆడే బల్ల మీద గంటకు ముప్ఫై ఆటలు పడతాయి. శనివారం రాత్రి ఎనిమిది గంటలు కూర్చునేవాడికి పదివేలు పూర్తయ్యేసరికి తొమ్మిది, పది నెలలు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నాలుగు బల్లలు ఒక్కసారే తెరిచేవాడికి అది వారం పని. ఆన్‌లైన్‌లో నైపుణ్యానికి ఫలితం తొందరగా దక్కుతుంది. నైపుణ్యం లేనివాడి ఖాతా ఖాళీ అయ్యేదీ అంతే తొందరగా. పైగా ఇప్పుడు గట్టివాళ్లు ఒంటరిగా ఆడటం లేదు, ఏ ముక్కలకు ఎంత పెట్టాలో కంప్యూటర్ దగ్గర సాధన చేసి మరీ వస్తున్నారు. ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ ఆరుగురి బల్ల మీద వృత్తి ఆటగాళ్లను ఓడించింది 2019లోనే. ఏటీఎం నుంచి నేరుగా ఆటకొచ్చినవాడికి ఎదుటివాళ్ల సాధన గురించి తెలిసే వీలే లేదు.

ఇంత జరిగినా, ఆటగాళ్లంతా కలిసి ఓడేది ఇంకొకరి చేతిలో. బల్ల నడిపేవాడు పందెపు సొమ్ములోంచి ప్రతి ఆటకూ తీసుకునే వాటాను రేక్ అంటారు. ఫాంహౌస్‌లో దాన్నే కమీషన్ అంటారు. తొమ్మిదిమంది కూర్చున్నారు, గంటకు ముప్ఫై ఆటలు, ఆటకు సగటున వంద రూపాయల రేక్ అనుకుందాం. గంటకు మూడు వేలు, ఎనిమిది గంటలకు ఇరవై నాలుగు వేలు. తొమ్మిదిమందీ తలా పదివేలతో వస్తే, తెల్లారేసరికి ఆ తొంభై వేలలో నాలుగో వంతుకు పైగా బల్ల మీద ఉండదు. అది ఆటగాళ్లెవరూ గెలిచిన సొమ్ము కాదు. ఓడినవాళ్లు ముక్కల్ని తిట్టుకుంటారు, డీలర్‌ను తిట్టుకుంటారు, టీ అందించిన నిర్వాహకుడికి మాత్రం దండం పెట్టి వెళతారు. ఆన్‌లైన్‌లో ఈ వాటాకు సర్కారు చెయ్యి కూడా తోడైంది. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, అదే ఏడాది అక్టోబరు నుంచి ఆటగాడు వేసే డిపాజిట్ మీద 28 శాతం జీఎస్టీ. రెండేళ్లు గడవకముందే అదే ఆటను సామాజిక రుగ్మత అంటూ నిషేధించారు.

ఇక తీర్పు సంగతి. నైపుణ్యం వాదనకు దేశమంతా మూలంగా చూపించేది మన హైదరాబాద్ కేసునే. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేశారు. సభ్యులు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. మేజిస్ట్రేట్ శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేది. రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తెలియాలి, కాబట్టి అందులో నైపుణ్యానిదే పైచేయి. గేమింగ్ కంపెనీలు, వాటి న్యాయవాదులు ఈ మాటను ఏళ్ల తరబడి జపించారు. ఆ వెంటనే న్యాయమూర్తి ఇంకో మాట రాశారు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ మీదో మరో ఆట మీదో ఇంటి యజమానిగానీ క్లబ్బుగానీ లాభం తీసుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే అది నేరం కావచ్చని. క్రెసెంట్ క్లబ్బు తీసుకున్న ఆట రుసుము అలాంటి లాభం కిందికి రాదని తేల్చాకే ఆ కేసు వీగిపోయింది. ఆట ఏదైనా బల్ల మీద లాభం ఎవరిది అన్న ఈ ప్రశ్న రేక్‌కు అతికినట్టు సరిపోతుంది. కంపెనీలకు ఆ వాక్యం ఇబ్బంది, అందుకే ఎత్తలేదు. ప్రభుత్వాలకు అది ఆయుధం కావాల్సింది, ఎందుకో వాళ్లూ దాన్ని పెద్దగా వాడుకోలేదు.

దానికి బదులు తెలంగాణ 2017లో ఆర్డినెన్సు తెచ్చి, 1974 నాటి గేమింగ్ చట్టంలో నైపుణ్యపు ఆటలకున్న మినహాయింపునే ఎత్తేసింది. ఆన్‌లైన్‌ను కూడా చట్టం పరిధిలోకి లాగింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆ దారే పట్టింది. మిగతా దేశంలో ఎవరి తూకం వారిదే: పోకర్ అదృష్టమేనని 2017లో గుజరాత్ హైకోర్టు అంది. కర్ణాటక తెచ్చిన నిషేధాన్ని అక్కడి హైకోర్టు 2022లో కొట్టేసింది. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం పోకర్‌ను పేరు పెట్టి మరీ మినహాయించింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమైనా అదృష్టమైనా ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడించడాన్నే నేరం చేసింది. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాడికి శిక్ష లేదు. ఈ చట్టంలో నాకు నచ్చింది ఆ చివరి అంశమే. నడిపేవాణ్నీ ఆడేవాణ్నీ వేరుచేసి చూడటం కనీసం అక్కడ మొదలైంది. చట్టం చెల్లుతుందా లేదా అన్న పిటిషన్లన్నింటినీ సుప్రీంకోర్టు తన దగ్గరికి బదిలీ చేసుకుంది.

నిషేధంతో ఆట ఆగిందా? 2017 తర్వాత కంపెనీలు తెలంగాణ వాళ్లను అడ్డుకుంటే, గాజులరామారంలో కూర్చుని బెంగళూరులో ఉన్నట్టు చూపించే లొకేషన్ యాప్‌లు ఫోన్లలోకి వచ్చాయి. గోవాలో మాండవి నది మీది కేసినో పడవల్లో తెలుగు వినపడని రాత్రి ఉండదు. 2023 మే నెలలో థాయ్ పోలీసులు పట్టాయాలో ఒక హోటల్‌పై దాడి చేస్తే పట్టుబడినవారిలో 80 మందికి పైగా భారతీయులు. హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. డబ్బున్నవాడు విమానం ఎక్కుతాడు. లేనివాడు టెలిగ్రాంలో వచ్చిన లింకు నొక్కి, ఎక్కడో పరాయి దేశపు సర్వర్ మీద నడిచే బల్ల దగ్గర కూర్చుంటాడు. అక్కడ రేక్ ఎంతో తెలియదు, ఎదుట ఉన్నది మనిషో ప్రోగ్రామో తెలియదు, గెలిచినా సొమ్ము చేతికొస్తుందన్న భరోసా లేదు. అప్పు యాప్‌లు ఉండనే ఉన్నాయి.

అలాగని పాత కంపెనీలను మళ్లీ పిలవమని అనను. నగదు బల్లకు అడుగు ఉండదు. పోయినకొద్దీ మళ్లీ చిప్పులు కొనొచ్చు, ఆ కొనుగోలు మీదే నిర్వాహకుడి బతుకు. అక్కడ నిషేధం ఉండాల్సిందే, ఫాంహౌస్‌లోనైనా ఫోన్‌లోనైనా. టోర్నమెంట్ వేరు. ఒకసారి ప్రవేశ రుసుము కడితే ఎంత పొరపాటు ఆడినా పోయేది అంతవరకే, మళ్లీ కట్టి ప్రవేశించే సౌకర్యం పెట్టనంతకాలం. 2003లో లాస్ వేగాస్ ప్రపంచ పోటీలో అమెరికన్ అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ వంద డాలర్ల లోపు ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా వచ్చి, 839 మందిలో గెలిచి 25 లక్షల డాలర్లు తీసుకెళ్లాడు. ఆ కథ చూపించి లక్షలమందిని ఆన్‌లైన్ నగదు బల్లల దగ్గరికి లాక్కెళ్లారు. అతను గెలిచింది మాత్రం టోర్నమెంట్‌లో. కేంద్ర చట్టం ఈ-స్పోర్ట్స్‌కు ప్రవేశ రుసుము, బహుమతి సొమ్ము ఒప్పుకుంది, పందేన్ని ఒప్పుకోలేదు. అదే కొలతతో, రుసుముకు పరిమితి పెట్టి, తిరిగి ప్రవేశం లేకుండా, నిర్వాహకుడి వాటాను ముందే ప్రకటించే పోటీలను రాష్ట్రం అనుమతించొచ్చు. స్నేహితులు తమలో తాము ఆడుకునే చిన్న ఆటను, ఎవరూ వాటా తీయనప్పుడు, ఠాణా దాకా తీసుకురాకపోయినా కొంపలు మునగవు.

ఒక ఆటకు జాగా, రోజు, అనుమతి పొందిన క్లబ్బు అని కంచె వేయడం మనకు చేతకాని పనేమీ కాదు. 1974 చట్టంలోనే గుర్రప్పందేలకు మినహాయింపుంది: పందెం జరిగే రోజున, అందుకు కేటాయించిన ఆవరణలో. ఆ ఆవరణ మలక్‌పేటలో ఇప్పటికీ నడుస్తోంది. పోకర్ టోర్నమెంట్లకు అలాంటి కంచె కూడా కుదరదనేవారు ముందు దాన్ని మూయించమని అడగాలి.