బురదల ఉన్న చక్రందే పెత్తనం

మొన్న ముసురు పట్టిన నాడు మా బావ కొత్త కారేసుకొని ఊరికి వస్తుండె. ఎత్తుగ, వెడల్పుగ జీపు లెక్క కొడ్తది ఆ బండి. నేను పక్క సీట్ల కూసున్న. ఎదురుంగ యూరియా బస్తాల లోడుతోని ట్రాక్టర్ వచ్చింది. రోడ్డు ఒక్క బండికే సరిపోను ఉన్నది. బావ ఎడమ దిక్కు చక్రాలు కిందికి దించిండు. ట్రాక్టర్ పోయింది, మా కారు మాత్రం కదలలే.

దిగి చూస్తె విచిత్రం. ముందటి ఎడమ చక్రం నల్లరేగడిల గిర్రున తిరుగుతాంది. కుడి చక్రం గట్టి తారు మీదున్నది గని నాకేం సంబంధం అన్నట్టు నిలవడ్డది. "నూరు హార్స్‌పవర్ బండిరా ఇది" అనుకుంట బావ ఇంకింత ఎక్సలేటర్ తొక్కిండు. చక్రం ఇంకింత దిగింది. ట్రాక్టర్ కాక ఎనుకకొచ్చి తాడు కట్టుకుంట అన్నడు: "ఎన్ని గుర్రాలుంటె ఏంది అల్లుడా, బురదల ఉన్న చక్రం ఎంత గుంజితె అంతే."

గా ఒక్క మాటల డిఫరెన్షియల్ కథ మొత్తం ఉన్నది.

మూల మలిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలె, లోపలిది తక్కువ. రెండింటిని ఒక్కటే ఇరుసుకు బిగిస్తె టైర్లు రాసుకపోతయి, బండి మలుగదు. అందుకే నడుమ డిఫరెన్షియల్ పెట్టిండ్రు. ఏ చక్రం ఎంత వేగం తిరగాలన్నా తిరగనిస్తది. కని బలం మాత్రం రెండింటికి సమానంగనే పంచుతది. చిక్కంత ఈడనే ఉన్నది.

లెక్కేసి చూడుండ్రి. తారు మీది చక్రం పది పాళ్ల బలం పట్టగలదనుకుందాం, బురదలది రెండు పాళ్లే. మొత్తం పన్నెండు రావాలె గద? రావు. బురద చక్రం రెండు పాళ్లకే జారిపోతది కాబట్టి గట్టి చక్రానికి గూడ రెండే అందుతయి. మొత్తం నాలుగు. ఇంజన్ ఎంత పెద్దదైనా ఈ లెక్క మారది. ఎక్సలేటర్ తొక్కితె గుంత లోతైతది గంతే.

మరి ట్రాక్టర్ ఎట్ల బయటపడ్తది? దానికి డిఫరెన్షియల్ లాక్ ఉంటది. తొక్కితె రెండు ఎనుక చక్రాలు ఒక్క తీరుగ తిరుగుతయి, అప్పుడు పన్నెండు పాళ్లు దొరుకుతయి. పొలంల అది వరం. అదే లాక్‌తోని రోడ్డు మీద మలిపితె మాత్రం బండి మలుగక సీదా పోతది, పాణం మీదికొస్తది. మన తమ్ముళ్లు ఇది యాదుంచుకోవాలె.

కార్లల్ల ఫోర్స్ గూర్ఖా అసొంటి కొన్నిటికే గిసొంటి లాక్ ఉంటది. ఈ మధ్య వచ్చే చానా కార్లల్ల ఇంకో ఉపాయం పెట్టిండ్రు. జారే చక్రానికి కంప్యూటరే బ్రేక్ ఏస్తది, దాంతోని అవతలి చక్రానికి బలం పోతది. మా బావ కారుల రెండూ లేవు. ఆకారమే జీపుది, లోపల ముందటి రెండు చక్రాలే గుంజేటియి. ప్రకటనల కారు గుట్టలెక్కుతది, ఏడు లక్షలో పదిహేను లక్షలో అప్పు జేసి కొంటున్నం. కొనేముందు "ఎన్ని చక్రాలు గుంజుతయి? జారితె ఏం జేస్తది?" అని షోరూంల అడిగేటోళ్లు ఎందరున్నరు?

అయితె తప్పంత బండిది గాదు. ఊరి సింగిల్ రోడ్డు తారు వెడల్పు మామూలుగ 3.75 మీటర్లు. ఒక్కో కారు 1.7, 1.8 మీటర్లు ఉంటది, అద్దాలు అదనం. ఎదురుబొదురు వస్తె ఎవలో ఒకలు దిగాలె. అంటె ఒక చక్రం తారు మీద, ఒకటి బురదల. డిఫరెన్షియల్‌కు పడని స్థితి సరిగ్గ ఇదే, మన ఊరి తొవ్వల దినాం ఇదే. అందుకే తారుకు ఇరుదిక్కుల మొరం పోసి, దిమ్మిస కొట్టిన అంచులు ఉండాలె. రోడ్డంటె తారొక్కటే గాదు, అంచులు గూడ రోడ్డే. తారు పోసిన్నాడు కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగుతరు. రెండు వానలకు అంచు కొట్టుకపోతె అడిగే దిక్కు లేదు. గ్రామసభల మనమే అడగాలె.

దిగబడ్డప్పుడు ఏం జేయాలె? ఎక్సలేటర్ ఇడువుండ్రి. స్టీరింగ్ సీదా పెట్టి, జారే చక్రం కింద రాళ్లో, కంది కట్టెనో, గోనె సంచో ఎయ్యిండ్రి. రెండో గేర్‌ల మెల్లగ క్లచ్ ఇడువుండ్రి. చక్రం ఎదురుంగ, ఎనుక మనుషులు నిలబడొద్దు, ఏసిన రాయి ఎగిరొస్తది. టైరు గీతలు 1.6 మిల్లీమీటర్లకు అరిగినయంటె మార్చాల్సిందే.

ఇంకొకటి. లాకైనా, నాలుగు చక్రాలు గుంజే బండైనా కదిలెటందుకే పనికొస్తది, ఆగెటందుకు గాదు. పారే వాగుల కారు తేలిందంటె ఏ చక్రానికి పట్టే ఉండది. 2024 సెప్టెంబర్ల ఆకేరు వాగుల కారుతోని సహా మనుషులు కొట్టుకపోయిండ్రు. నీళ్లు పారుతుంటె ఎనుకకు మలుపుండ్రి.

బావ కారు కడిగిపిచ్చి పోయిండు. ఎడమ చక్రం తవ్విన గుంత మాత్రం ఇంక ఆడనే ఉన్నది. రేపు అండ్ల ఎవని బండి దిగబడ్తదో.