గుప్తదానము

సాయంకాలము షిఫ్టు వదలిన వేళ, జీడిమెట్ల పారిశ్రామికవాడలోని ఒక చాయ్ హోటలు గోడ మీది టీవీలో నలుగురు వక్తలు పార్టీల నిధులను గూర్చి గొంతులు చించుకొనుచుండగా, తాము కూర్చున్న కుర్చీ ఎవరి సొమ్మో వారిలో ఒక్కరైనను చెప్పకపోవుట ఈ వారము నా మనస్సును కలచిన విషయము. నా ప్రక్కనున్న లేతు మిషను కార్మికుడు మాత్రము, "జీతమిచ్చేటోని గురించి వాళ్లేం చెప్తరు సార్?" అని చాయ్ ఊదుకొనెను.

మా పొరుగుననే బాలానగరములో కార్యాలయము గల మేఘా ఇంజినీరింగ్ సంస్థ 966 కోట్ల రూపాయల ఎన్నికల బాండ్లు కొన్నదని 2024 మార్చిలో గదా మనకు తెలిసినది! అంతకు మించి కొన్నది లాటరీల వ్యాపారి ఫ్యూచర్ గేమింగ్ ఒక్కటే. మేఘా బాండ్లలో సుమారు 584 కోట్లు భాజపాకును, 195 కోట్లు భారాసకును చేరినవి. అనగా మన కన్నుల యెదుట కత్తులు నూరుకొనుచుండిన రెండు పక్షముల విస్తళ్లలోను వడ్డించిన చేయి ఒక్కటే. కాళేశ్వరము ఎత్తిపోతల పథకపు పనులలో సింహభాగము ఆ సంస్థదే. 2018లో టీవీ9ను ఆలంద మీడియా కొన్నప్పుడు, దాని వెనుక మేఘా, మైహోమ్ అధినేతలున్నారని పత్రికలే వ్రాసినవి.

బాండ్లు కొనుట నాడు నేరము కాదు, దోషము చట్టముదే. కంపెనీ తన మూడేండ్ల సగటు లాభములో ఏడున్నర శాతమునకు మించి పార్టీలకీయరాదన్న హద్దును 2017లో చెరపి, మరుసటి యేడు దాత పేరునకు ముసుగు వేసి, దానికి పారదర్శకత యని నామకరణము చేసిన ఘనత మన పాలకులది. ఓటరునకు తెలిసికొను హక్కు కలదని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఆ ముసుగు తీయునప్పటికే వండినది తినుటయు, చేయి కడుగుకొనుటయు ముగిసినవి.

ధనవంతుడు ప్రజాభిప్రాయమును పోషించుట నేటి వింత కాదు. బొబ్బిలి రాజా జస్టిస్ పార్టీని నడపినప్పుడు ఆయన జమీందారని ఊరెల్ల నెఱుగును. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను స్థాపించినప్పుడు, దానికి ఆధారము అమృతాంజనపు సొమ్మేనని తలనొప్పి గల ప్రతి ఆంధ్రునకును తెలియును. సీసా మీద పేరున్నది. పత్రిక మీద పేరున్నది. ఇక పాఠకుడు తన తూకము తాను వేసికొనెడివాడు. మరి నేడో? ఛానెలు ఎవరిదో, చర్చ ఎవరి కొఱకో, మౌనము ఎంతకు కొన్నదో ఎవడు చెప్పును?

ఛానెళ్లననుట యెందులకు, పత్రికల సంగతి చూడుడు. ఉదయము గుమ్మములో పడిన పత్రికను విప్పితినా, మొదటి పుటయంత విల్లాల ప్రకటన. అది త్రిప్పిన మఱియొక ప్రకటన. సరస్సు కనిపించు బాల్కనీలట! ఏ సరస్సు? చీకటి పడగానే మా వీథిలో ముక్కుపుటములు మండించు రసాయనపు కంపు ఏ గొట్టము నుండి వచ్చుచున్నదో ఆ పత్రికలో ఏ మూలనైనను ఉండునేమోనని వెదకి, పేపరు వేయు కుఱ్ఱవానిని పిలిచి వార్తలెక్కడ మొదలగునని అడిగితిని.

"ఐదో పేజీ సార్," అని వాడు సైకిలెక్కెను. అందులోను లేదు.