వారానికొకటి అంటే వారానికొకటే

ఈసారి కొంచెం కోపంగానే రాస్తున్నాము, పెద్దలు మన్నించాలి.

మన సభ్యుల్లో ఒక పెద్దాయనకు కాళ్ళనొప్పులని డాక్టరు విటమిన్ డి మాత్ర రాశారు. 60,000 యూనిట్లది, వారానికొకటి. ఆయన రోజుకొకటి వేసుకున్నారు. అయిపోయినప్పుడల్లా మందుల అంగడిలో చీటీ అడక్కుండానే ఇంకో స్ట్రిప్పు ఇచ్చారు. రెండు నెలలకి వాంతులు, మలబద్ధకం, ఆగని దాహం, మనుషుల్ని గుర్తుపట్టడంలో తికమక. రక్తంలో కాల్షియం మితిమీరి, కిడ్నీ దెబ్బతినే దాకా వచ్చింది.

తప్పు ఆయనదే అనేస్తే సులభం. కానీ చీటీ ఇంగ్లీషులో, స్ట్రిప్పు ఇంగ్లీషులో. ఆయన మనలాగే ఇంట్లో తెలుగు, బడిలో తమిళం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మనిషికి రోజుకు కావలసింది 600 యూనిట్లు. అంటే ఆ ఒక్క మాత్ర నూరు రోజుల సరుకు! విటమిన్ సి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. డి అలా పోదు, కొవ్వులో నిలవ ఉంటుంది. "విటమినే కదా, ఏం చేస్తుంది" అనే మాట మనం మానుకోవాలి.

ఇంకో సంగతి. కాల్షియం మాత్రలో డి ఉంటుంది, బలానికని కొన్న డబ్బాలోనూ ఉంటుంది. రైల్వేలో లెక్కలు రాసినవాళ్ళం, ఒకే పద్దు మూడు చోట్ల ఎక్కితే ఏమవుతుందో మాకు తెలుసు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు కాల్షియంకి నాలుగు గంటలు ఎడం ఇవ్వాలి. ఐరన్ మాత్ర కాఫీతో మింగితే సగం దండగే.

కొందరికి నచ్చకపోయినా చెప్తాము: ఉగాది సభలో పోషకాల డబ్బాలు అమ్మడం ఇక వద్దు. అమ్మేది మన తమ్ముడే కావచ్చు. ఆ డబ్బా మీదే "మందుగా వాడేందుకు కాదు" అని ఇంగ్లీషులో ఉంటుంది, చదివించుకోండి. స్టేజీ మీద మాత్రం మోకాళ్ళకీ షుగరుకీ అదే మందంటున్నారు.

వచ్చే నెల సమావేశానికి ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, డాక్టరు చీటీలతో సహా ఒక సంచిలో వేసి తెండి. ఇంగ్లీషు చదివిన మన పిల్లలు ఇద్దరు చీటీ చూసి, ప్రతి స్ట్రిప్పు మీదా ఏ రోజు, ఎన్ని అని రాసిపెడతారు. రెండు మాత్రల్లో ఒకే సరుకుంటే గుర్తు పెడతారు, అది మీ డాక్టరుకు చూపించండి. తెలుగు లిపి రానివాళ్ళకు తమిళంలోనే రాయిద్దాం. దానికి సిగ్గెందుకు?