ఎండకు నోచుకోని గుడ్డ

ముట్టుగుడ్డ ఉతికాక ఎక్కడ ఆరేయాలన్నది మన ఇళ్లలో ఆడవాళ్లకు ప్రతి నెలా ఎదురయ్యే ప్రశ్న. దండెం మీద చీర పరిచి దాని చాటున ఆరేస్తారు. దొడ్లో కట్టెల మోపు వెనకో, స్నానాలగదిలో మేకుకో తగిలిస్తారు. మంచం కింద పెట్టెల మీద పరిచేవాళ్లూ ఉన్నారు. మగవాళ్ల కంట పడకూడదు. ఆ గుడ్డను పాము దాటితే పిల్లలు పుట్టరని కొన్ని చోట్ల భయం. ఇన్ని భయాల మధ్య గుడ్డ ఆరీ ఆరకుండానే మళ్లీ నెల తిరుగుతుంది. చెమ్మ వదలని గుడ్డలో బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. తొడలు ఒరుసుకుపోతాయి, దురద పుడుతుంది. ఆ జబ్బు కూడా పైకి చెప్పుకునేది కాదు కాబట్టి ముదిరేదాకా ఓర్చుకుంటారు.

ఇందులో గుడ్డ చేసిన తప్పేమీ లేదు. మెత్తటి నూలు గుడ్డను చన్నీళ్లలో నానబెట్టి, సబ్బుతో ఉతికి, నేరుగా ఎండలో ఆరేస్తే నిశ్చింతగా వాడుకోవచ్చు. ముందే వేణ్నీళ్లు పోస్తే నెత్తుటి మరక గట్టిపడిపోతుంది, అందుకే చన్నీళ్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–24 ఏళ్ల యువతుల్లో దాదాపు సగంమంది గుడ్డ వాడుతున్నామని చెప్పారు. 64 శాతం మంది శానిటరీ న్యాప్‌కిన్లు వాడుతున్నామన్నారు. రెండూ వాడేవాళ్లు ఉన్నారు కాబట్టి మొత్తం నూరు దాటింది. ఆ సర్వే ఆరోగ్యకరమైన పద్ధతుల జాబితాలో గుడ్డ లేదు. చీకట్లో ఆరే గుడ్డకు ఆ జాబితాలో చోటు దొరకకపోవడం సబబే. కానీ దాన్ని చీకట్లోకి నెట్టిందెవరో ఏ సర్వే పట్టికా చెప్పదు.

ఇప్పుడు బట్ట ప్యాడ్లు, పీరియడ్ లోదుస్తులు, యోనిలో పెట్టుకుంటే నెత్తురు పట్టే సిలికాన్ కప్పులు మార్కెట్లోకి వచ్చాయి. వీటిలో దేన్నైనా కడగాలి, ఆరబెట్టాలి లేదా మరిగించాలి, మళ్లీ వాడాలి. వాడి పారేసే ప్యాడ్‌ను దాచుకుంటూ కూడా బతకవచ్చు. తిరిగి వాడే సాధనానికి మాత్రం నీళ్లు, సబ్బు, ఎండ కావాలి, ఇంట్లో దాని గురించి మాట్లాడగల స్వేచ్ఛ కావాలి. అందుకే ఇవి మన ఇళ్లలోకి రావాలంటే ముట్టు చుట్టూ అల్లుకున్న నమ్మకాన్ని ముందు ప్రశ్నించక తప్పదు.

ఆ నమ్మకానికి మూలకథ తైత్తిరీయ సంహితలో ఉంది. ఇంద్రుడు త్వష్ట కొడుకు విశ్వరూపుణ్ణి చంపి బ్రహ్మహత్యా పాపం మూటగట్టుకున్నాడు. దాన్ని మూడు వంతులు చేసి భూమికి, చెట్లకు, స్త్రీలకు పంచాడు. స్త్రీల వంతుకు వచ్చింది ముట్టు. ఆ మూడు రాత్రులు తల దువ్వుకుంటే పుట్టే బిడ్డకు బట్టతల వస్తుందని, కాటుక పెట్టుకుంటే ఒంటికన్ను వస్తుందని అక్కడే నియమాలున్నాయి. హత్య చేసింది ఒకరు, శిక్ష మోస్తున్నది ఇంకొకరు. ఈ అన్యాయానికి ధర్మం అని పేరు. ఇది మన ఒక్కరి గుడ్డితనం అనుకోనక్కర్లేదు. ముట్టైన స్త్రీ తాకితే ద్రాక్షసారా పులిసిపోతుందని, విత్తనం మొలవదని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. 1920లో వియన్నా వైద్యుడు బేలా షిక్, నెలసరిలో ఉన్న స్త్రీ పట్టుకుంటే పూలు వాడిపోతున్నాయని చెప్పి, ఆమె ఒంట్లో ఏదో విషం ఉందని, దానికి మెనోటాక్సిన్ అని పేరు కూడా పెట్టాడు. ఆ విషాన్ని ఇప్పటికీ ఎవరూ వేరు చేసి చూపలేకపోయారు.

గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డ మొర్రితో పుడుతుందనే నమ్మకాన్ని విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు గర్భిణుల చేత బహిరంగంగా గ్రహణం చూపించి పరీక్షకు పెట్టారు. ముట్టు నమ్మకానికి కొత్తగా పరీక్ష పెట్టే పనే లేదు. అది మన పొలాల్లో రోజూ జరుగుతోంది. గోదావరి డెల్టాలో నాట్లు వేసేది ఆడవాళ్లు. గుంటూరు మిరపకాయ కోసేది ఆడవాళ్లు. ఇరవైమంది వయసు స్త్రీలు నాట్లకు దిగితే, నెలకు ఐదు రోజుల చొప్పున చూసుకున్నా, ఏ రోజైనా సగటున ముగ్గురో నలుగురో నెలసరిలో ఉంటారు. వాళ్లు నాటిన మడి ఎండిపోలేదు. వాళ్లు కోసిన మిరపకాయ ఊరగాయలోకి వెళ్లింది, ఊరగాయ చెడలేదు. వాళ్లు కోసిన మల్లెలు గుడికి వెళ్లాయి. ఇంటి కోడలు బయట చేరితే జాడీ తాకనివ్వని ఆసామి, కూలికి వచ్చిన మనిషిని ఆ మాట ఒక్కనాడూ అడగడు. అడిగితే పని ఆగిపోతుంది. నెత్తుటికి నిజంగా పాడుచేసే గుణమే ఉంటే ముందు పోవలసింది పంట. పని అవసరమైన చోట మైలను మరిచిపోయి, అధికారం చూపవలసిన చోట మాత్రం గుర్తు తెచ్చుకుంటున్నాం. ఈ ఆచారం గురించి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఆ నెత్తురు ఏమిటో కూడా చెప్పుకోవాలి. పిండం వస్తే నిలబెట్టడానికి గర్భసంచి ప్రతి నెలా లోపల ఒక పొరను పెంచుకుంటుంది. పిండం నిలవకపోతే ప్రొజెస్టిరాన్ హార్మోన్ తగ్గి ఆ పొర ఊడి బయటికి వస్తుంది. ఒక నెలసరిలో పోయే రక్తం సాధారణంగా 30 నుంచి 80 మిల్లీలీటర్లు. మనందరం అలాంటి పొరలో కుదురుకుని పెరిగినవాళ్లమే. అది చెడు రక్తమని, ఒంట్లోని మలినమంతా అలా పోతుందని పిల్లలకు చెప్పే పెద్దలు దయచేసి ఆ మాట మానుకోవాలి.

చదువుకున్నవాళ్లు ఇప్పుడు ఇంకో సమర్థన తెచ్చారు. పూర్వీకులు స్త్రీకి విశ్రాంతి ఇవ్వడానికే వేరుగా కూర్చోబెట్టారని అంటారు. విశ్రాంతి ఇవ్వదలచినవాళ్లు ఆమెకు మంచం ఇవ్వాలి, చాప కాదు. వేడి అన్నం దగ్గరికి తెచ్చి పెట్టాలి, దూరం నుంచి విస్తట్లో వేయడం కాదు. అలసిన మనిషి తాకిన మంచినీళ్ల బిందె మైలపడదు. విశ్రాంతి తీసుకున్న మనిషికి నాలుగో రోజు శుద్ధి స్నానం అవసరం లేదు. అనంతపురం వైపు, కర్ణాటక సరిహద్దు గొల్లహట్టుల్లో (గొల్లల నివాసాల్లో) కొన్ని చోట్ల ముట్టైన స్త్రీలు ఊరి బయట గుడిసెలో గడపవలసి రావడం ఈ కాలంలోనూ వార్తలకెక్కింది. 2018 నవంబరులో గజ తుపాను వచ్చిన రాత్రి తంజావూరు జిల్లాలో కొత్తగా పెద్దమనిషైన ఒక చిన్నపిల్లను అలాగే విడిగా గుడిసెలో పడుకోబెట్టారు. కొబ్బరిచెట్టు కూలి మీద పడి చనిపోయింది. నేపాల్‌లో ఇలాంటి గుడిసెల్లో చలికి, పొగకు, పాముకాటుకు ఎందరో పోయాక, అలా పంపడాన్ని 2017లో శిక్షార్హమైన నేరం చేశారు.

మన వింత ఇంకోటి ఉంది. పిల్ల పెద్దమనిషైతే కొత్త చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి పంచుతాం. హాలు మాట్లాడి, ఫ్లెక్సీ కట్టి, పట్టుబట్టలు పెట్టి, భోజనాలు పెడతాం. ఊరంతటికీ చాటిన విషయాన్ని వచ్చే నెల నుంచి తమ్ముడికి కూడా తెలియకుండా దాచుకోమని ఆ పిల్లకే నేర్పుతాం. ప్యాడ్ ఎలా మార్చుకోవాలో, నొప్పి ఎంత ఉంటే డాక్టరుకు చెప్పాలో ఆ వేడుకలో ఎవరూ చెప్పరు. అస్సాంలో కామాఖ్య అమ్మవారు ఆషాఢంలో రజస్వల అవుతుందని గుడి మూసి, తెరిచాక ఎర్రగుడ్డను ప్రసాదంగా పంచుతారు. లక్షలమంది కళ్లకద్దుకుంటారు. అదే భక్తులు ఇంటి ఆడపిల్లను దేవుడి గదికి దూరంగా ఉంచుతారు.

అయ్యప్ప మాల వేసిన ఇంట్లో భార్యకు నెలసరి వస్తే ఆ రోజులు పుట్టింట్లోనో పక్కింట్లోనో గడపడం మన పట్టణాల్లో మామూలైపోయింది. శబరిమలలో 10–50 ఏళ్ల స్త్రీలపై నిషేధం చెల్లదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 28న నలుగురు ఒకవైపు, ఒకరు మరోవైపుగా తీర్పు చెప్పింది. ముట్టు పేరుతో స్త్రీని దూరం పెట్టడం అంటరానితనమేనని జస్టిస్ చంద్రచూడ్ రాశారు. 2019లో ఆ వివాదాన్ని మరింత విస్తృత ధర్మాసనానికి పంపారు. కోర్టులో ఏది తేలినా ఇంట్లో మారవలసింది మనమే. వరలక్ష్మీ వ్రతానికి, తిరుపతి ప్రయాణానికి నెలసరిని వాయిదా వేయడానికి డాక్టరును అడగకుండా మందుల షాపులో నోరెథిస్టిరాన్ మాత్రలు కొనేవాళ్లు ఎందరో! రక్తం గడ్డకట్టే ముప్పున్నవాళ్లకు ఆ మాత్ర ప్రమాదం. దేవుడికి భయపడి ఒంటిని ప్రమాదంలో పెట్టుకోవడమే ఇది.

కొందరి విషయంలో ఇది అసలు గర్భసంచినే వదిలించుకోవాలనుకునేదాకా కూడా వెళుతోంది. అదే 2019–21 సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద దాదాపు మూడు శాతం. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదికి దగ్గర, తెలంగాణలో ఎనిమిది. ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి. వీటిలో చాలావాటికి మందులతో నయమయ్యే దారులున్నాయి. పదిమందిలో నోరు విప్పలేని విషయం కాబట్టి, ఆసుపత్రికి వెళ్లేసరికి ఆలస్యమవుతుంది, పిల్లలు పుట్టేశారు ఇంకెందుకు అనే మాట ఎదురవుతుంది. ఆపరేషన్ల ఆదాయం చూసుకునే వైద్య వ్యాపారానికి ఈ మౌనం బాగా కలిసివచ్చింది.

వాడి పారేసే ప్యాడ్ మేలు చేసింది, కాదనను. పిల్లలు బడి మానకుండా ఉండటానికి సాయపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో మొదలైన స్వేచ్ఛ పథకం 7 నుంచి 12వ తరగతి దాకా ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇవ్వాలని పెట్టుకుంది. పది లక్షలమంది అంటే ఏడాదికి పన్నెండు కోట్ల ప్యాడ్లు. మంచి పని. అయితే ఆ పన్నెండు కోట్లూ వాడాక ఎక్కడికి వెళ్లాలి? ప్యాడ్‌లో పీల్చుకునే రసాయన గుళికలున్నాయి, కింద ప్లాస్టిక్ పొర ఉంది. మట్టిలో కలవదు, సరైన వేడి లేకుండా కాలిస్తే విషవాయువులు వస్తాయి. పారేయడానికి సంచి ఇవ్వడం తయారీదారుల బాధ్యత అని 2016 ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. వీధిలో జరిగేది వేరు. కాగితం చుట్టిన ప్యాడ్‌ను తడి చెత్తలో వేస్తాం, పారిశుధ్య కార్మికులు చేతులతో ఏరతారు. వాళ్లలో ఎక్కువమంది దళితులు. మనం తాకకూడదనుకున్న దాన్ని వాళ్ల చేత తాకిస్తున్నాం. ఒక అంటరానితనాన్ని ఇంకో అంటరానితనం మీద మోపాం.

కప్పు ఈ చెత్తను దాదాపు లేకుండా చేస్తుంది. అమెరికాలో లియోనా చామర్స్ 1937లోనే దానికి పేటెంటు తీసుకుంది. ఇప్పటివి వైద్య ప్రమాణాల సిలికాన్‌తో చేసినవి, జాగ్రత్తగా వాడితే పదేళ్ల దాకా వస్తాయి. ధర కొన్ని వందల రూపాయలు. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన సమీక్ష 43 అధ్యయనాలను, దాదాపు 3,300 మంది అనుభవాన్ని పరిశీలించింది. లీకేజీ ప్యాడ్ల కన్నా ఎక్కువ లేదని, ఇన్ఫెక్షన్ ముప్పు పెరగలేదని, అలవాటైనవాళ్లలో దాదాపు 70 శాతం మంది కొనసాగించాలనుకున్నారని తేల్చింది. అలవాటు పడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. చేతులు కడుక్కోవాలి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలకొకసారి ఖాళీ చేయాలి, నెలసరి ముగిశాక మరిగే నీటిలో ఉంచాలి. కాపర్-టి వేయించుకున్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. కేరళలో అలప్పుళ పురపాలక సంఘం 2019లో ఐదు వేల కప్పులు ఉచితంగా పంచింది. 2022 జనవరిలో కుంబళంగి శానిటరీ న్యాప్‌కిన్ లేని పంచాయతీగా ప్రకటించుకుంది. కప్పులు పంచేముందు శిక్షణ ఇచ్చారు, సందేహాలు తీర్చారు. అది చాలా ముఖ్యం.

పెళ్లికాని పిల్ల కప్పు వాడితే కన్నెపొర చిరిగిపోతుందని తల్లులు భయపడతారు. ఆ పొర సాగే కణజాలం, పుట్టుకతోనే ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. దాన్ని చూసి కన్యత్వం తేల్చడం వైద్యశాస్త్రంలో లేదు. అత్యాచార బాధితులకు అలా చేసే రెండు వేళ్ల పరీక్షను 2022లో సుప్రీంకోర్టు గట్టిగా నిషేధించింది. మన ఇళ్లలో ఇంకా ఆ పరీక్ష పెడుతూనే ఉన్నాం, ఆడపిల్ల సైకిలు తొక్కితే పెట్టాం, ఇప్పుడు కప్పు వాడితే పెడుతున్నాం. అదే సమయంలో, ప్యాడ్ వాడితే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి కప్పులు అమ్మేవాళ్లనూ నమ్మవద్దు. రుజువు లేని భయం ఎటువైపు నుంచి వచ్చినా మూఢనమ్మకమే. కప్పు ఇష్టం లేని పిల్లకు బట్ట ప్యాడ్ ఉంది, అదీ కుదరకపోతే మామూలు ప్యాడ్ ఉంది. ఆ ఎంపిక ఆమెది.

అయితే ఎంపిక చేసుకోవడానికి ముందు కొన్ని ఉండాలి. బళ్లలో నీళ్లొచ్చే కుళాయి, గడియపడే తలుపు, మూతపెట్టిన చెత్తబుట్ట ఉండాలి. ప్రభుత్వాలు ఉచిత ప్యాడ్లకు తోడు కప్పులు, బట్ట ప్యాడ్లు కూడా అడిగినవాళ్లకు ఇవ్వాలి. వాటిని ఎలా వాడాలో చెప్పడానికి ఆశా కార్యకర్తలకు, డ్వాక్రా సంఘాలకు శిక్షణ ఇవ్వాలి. జీవశాస్త్రం పాఠంలో ఆ పేజీ వచ్చినప్పుడు మగపిల్లలను బయటికి పంపకుండా అందరికీ కలిపి చెప్పాలి. తండ్రులు, అన్నలు ఇంట్లో ఎవరికైనా నెలసరి వస్తే ఆ నాలుగు రోజులూ మామూలు రోజుల్లాగే అందరితో కలిపి అన్నం పెట్టాలి. ఇంత చేస్తే చాలు, మిగతాది ఆడవాళ్లు తామే చూసుకుంటారు.